కాంతి బండికి పూండిలో హాల్టు

కాంతి కన్నా వేగంగా పోయే బండికి పూండిలో రెండు నిమిషాల హాల్టు కల్పించాలని కోరుతూ మా సమితి సాగించిన రిలే నిరాహార దీక్షలు దిగ్విజయంగా ముగిశాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. దీక్షలో కూర్చున్నవారెవరి ఆరోగ్యమూ దెబ్బతినలేదు. పొద్దున్న ఇడ్లీ, ఉప్మా తిన్నాక శిబిరంలో కూర్చోవడం, మధ్యాహ్నం భోజనానికి ఒకరి తరువాత ఒకరు చప్పుడు కాకుండా లేచి వెళ్లిరావడం, సాయంత్రం ఫోటోగ్రాఫరు వచ్చాక నిమ్మరసం పుచ్చుకుని విరమించడం అనే ఈ పద్ధతిని ఎన్నో రైళ్ల హాల్టుల కోసం ఏళ్ల తరబడి సాధన చేసి ఉన్నాం. ఈసారి బరువు పెరిగినవాళ్లు కొందరున్నారు గానీ, తగ్గినవాళ్లు ఎవరూ లేరు.

నా పేరు వైకుంఠరావు. పలాసను ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. హాల్టు సాధన సమితికి ప్రధాన కార్యదర్శిని. ఉద్దానం సారస్వత సమితికి కూడా నేనే ప్రధాన కార్యదర్శిని. రెండు సమితులకూ ఒకటే బ్యానరు, ఇటు చూపిస్తే అది, తిప్పి కడితే ఇది. దుబారా నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు.

అసలు ఈ బండి సంగతి ఎలా మొదలైందో కొత్తవారి కోసం చెబుతాను. మా సారస్వత సమితి ఏటా ఒక సంచిక వేస్తుంది. అందులో సగం నా సన్మానాల ఫోటోలు, మిగిలిన సగం కథలూ కవితలూ. క్రితం సంచికకు మొగలిపుట్టుగ నుంచి ప్రవల్లిక అనే అమ్మాయి ఒక కథ పంపింది. టెక్కలిలో డిగ్రీ చదువుకుని, ఊళ్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటోంది. పూండిలో రైలు దిగి, సముద్రం వైపు జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుంటూ పోతే, రోడ్డుకు ఇక పోవడం విసుగేసి ఆగిపోయిన చోట ఉంటుంది మొగలిపుట్టుగ. ఆమె తండ్రి సన్యాసయ్యకు కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో అది ఇంటింటి సంగతి కాబట్టి సభల్లో తప్ప మేము దాని గురించి పెద్దగా మాట్లాడుకోం. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి ఆయన పలాస వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దుటి బస్సు వస్తే ఉదయం షిఫ్టులో మంచం దొరుకుతుంది. రాకపోతే దొరకదు. ఆ బస్సేమో ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు, ఒకరోజు వచ్చి ఊరి మొదట్లోనే వెనక్కి తిరిగిపోతుంది.

ఆ అమ్మాయి రాసింది సైన్సు కథ. ప్రభుత్వం మొగలిపుట్టుగకు కాంతి కన్నా వేగంగా పోయే నౌకను మంజూరు చేసింది. జీడితోటలోంచి లేస్తుంది. ఎంత వేగమంటే, ఇక్కడ బయల్దేరకముందే అక్కడికి చేరిపోతుంది. కథలో సన్యాసయ్య పలాసలో డయాలసిస్ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, ఇంకా బయల్దేరని సన్యాసయ్య అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటూ ఉంటాడు. వచ్చినవాడు వెళ్లాల్సినవాడి పక్కన చతికిలబడి, "నువ్వింక ఎల్లక్కర్నేదురా, నానెల్లొచ్చీసినాను" అంటాడు. చదివి నేనూ నవ్వాను. నా ఫోటోకు సరిపోని ఒక పేజీ మిగిలితే అందులో వేశాను.

సంచిక మొత్తం చదివే అలవాటు మా వైపు లేదు. మొదటి వాక్యం చదువుతాం. ఆ కథలో మొదటి వాక్యం, "మొగలిపుట్టుగకు కాంతి కన్నా వేగంగా పోయే నౌక మంజూరైంది" అని. ఎవరో ఆ వాక్యం వరకు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి ఉద్దానమంతా పాకింది. నౌక అన్నది జనం నోట్లో బండి అయింది, ఎందుకంటే మన దగ్గర ఆగవలసినది ఏదైనా మాకు బండే.

ఎవరికీ అనుమానం రాలేదా అని బయటి జిల్లాలవారు అడగవచ్చు. ఎందుకు రావాలి? మాకు ఎన్నో మంజూరయ్యాయి. కొబ్బరిపీచు ఫ్యాక్టరీ మంజూరైంది. గెడ్డ మీద వంతెన మంజూరైంది. తుఫాను వచ్చి తోటలు పడిపోయినప్పుడు, పడిపోయిన ప్రతి చెట్టుకూ బదులు ఒక చెట్టు మంజూరైంది. అందులో ఏదీ మేము కళ్లతో చూడలేదు. మంజూరైన వస్తువు కంటికి కనపడదని మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. వంతెన కనపడకపోయినా నమ్మినవాళ్లం, బండి కనపడలేదని అనుమానించడం ఏం న్యాయం? బండి ఉందా లేదా అన్నది ఇంజనీర్లు చూసుకుంటారు. అది మన దగ్గర ఆగుతుందా లేదా అన్నదే మనం చూసుకోవాలి.

ఎందుకంటే మా బాధ హాల్టుల బాధ. పెద్దపెద్ద రైళ్లన్నీ మా కళ్లలో దుమ్ము కొట్టి పోతుంటాయి. దీక్షలు చేసి, వినతిపత్రాలిచ్చి, పట్టాల మీద కూర్చుని ఒక్కొక్క రైలునూ ఆపుకుంటాం. ఆగిన తొలిరోజున ఇంజనుకు బొట్టు పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి, డ్రైవరు మెడలో దండ వేయాలి, నాయకుడు జెండా ఊపాలి. ఇవన్నీ జరిగితేనే ఆ రైలు మా ఊళ్లో ఆగినట్టు. ఆ తరువాత దాన్ని ఎవరైనా ఎక్కుతారా లేదా అన్నది వాళ్ల ఇష్టం.

అందుకే బండి వార్త రాగానే జగదీశ్వరరావు గారు నాకు ఫోన్ చేశారు. ఆయన పూండి వైపు పెద్ద రైతు, ఎన్నికలున్నా లేకపోయినా నాయకుడు. "మావా, ఆ బండేదో వత్తాదంట కదా. మన పూండిలో ఆక్కుండా ఎల్లిపోతే నాను ఊరుకోను. ఆల్లకి ముందే సెప్పీయ్" అన్నారు. ఎవరికి చెప్పాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మర్నాటికి సమితి ఏర్పడింది, బ్యానరు తిప్పి కట్టాం.

ఇలాంటి విషయాల్లో పక్క ఊళ్లు ఎన్నడూ నిద్రపోవు. టెక్కలిలో ఢిల్లీబాబు గారు, అంటే మా జగదీశ్వరరావు గారికి ఏ సభలోనూ ఎదురు కుర్చీలో తప్ప పక్క కుర్చీలో కూర్చోని నాయకుడు, వెంటనే ప్రకటన చేశారు. డివిజన్ కేంద్రంలో ఆగకుండా పోయిన బండి చట్టరీత్యా పోయినట్టు కాదని, కాబట్టి టెక్కలిలో అయిదు నిమిషాలు ఆగి తీరాలని. ఇచ్ఛాపురం నుంచి ఒక బృందం వచ్చి, ఇంత వేగంగా పోయే బండి పొరపాటున ఒడిశాలోకి జారిపోయే ప్రమాదముందని, సరిహద్దులో దాన్ని ఆపి మందలించి పంపడానికి తమ ఊళ్లో హాల్టు తప్పనిసరి అని తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పింది. రెండు భాషల్లోనూ చప్పట్లు పడ్డాయి. ఆ తరువాత నౌపడ అడిగింది, మందస అడిగింది, బారువ అడిగింది. కొన్ని పేటలవాళ్లు, మా ఇంటి ముందు పూర్తిగా ఆగక్కర్లేదు, కాస్త నెమ్మదిస్తే ఎక్కేస్తాం అన్నారు. వాళ్ల సర్దుబాటు గుణానికి సభ హర్షం ప్రకటించింది.

శాస్త్రీయంగా కూడా ముందుకు పోదామని టెక్కలిలో ఫిజిక్సు చెప్పే అవినాష్ గారిని పిలిచాం. కుర్రాడు, మర్యాదస్తుడు, కానీ సభకు తగిన మనిషి కాదు. "కాంతి కన్నా వేగంగా ఏదీ పోలేదండీ. అలాంటి బండి కథల్లోనే ఉంటుంది. నక్షత్రాలు మరీ దూరం కదా, మామూలు బండి ఎక్కిస్తే మనుషులు దారిలోనే ముసలివాళ్లై పోతారు. వాళ్లు బతికుండగా చేరాలని రచయితలు ఆ బండిని కల్పించుకున్నారు. అంతకు మించి ఏమీ లేదు" అన్నాడు.

సభలో కలకలం రేగింది. జగదీశ్వరరావు గారు లేచి, "కాంతిని దాటకూడదని ఎవుడు పెట్టినాడు ఆ రూలు? ఐదరాబాదోలకీ అదే రూలా, సికాకులపోలకేనా?" అని అడిగారు. అవినాష్ అందరికీ అదే రూలు అన్నాడు గానీ, ఆ మాట ఎవరూ నమ్మలేదు. అందరికీ ఒకటే రూలు ఉండడం మేము ఎక్కడా చూడలేదు. దాంతో సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: వెనకబడిన ప్రాంతమైనందున ప్రకృతి విధించిన కాంతి వేగ పరిమితి నుంచి శ్రీకాకుళం జిల్లాకు ప్రత్యేక మినహాయింపు ఇవ్వవలెను. అవినాష్ జీడిపప్పు పకోడీ తిని, చేతులు తుడుచుకుని, బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ సభకే ప్రవల్లిక కూడా వచ్చింది. తండ్రిని డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి, ఆ నాలుగు గంటల ఖాళీలో వచ్చిందట. మైకు అడిగింది. ఇచ్చాం. "అది కథండీ. నేనే రాసినాను. బండీ లేదు గిండీ లేదు. మా నాన్నకి పొద్దున్న బస్సు సరిగ్గా రావట్లేదని కోపమొచ్చి రాసినాను. మీరు దీక్ష చెయ్యాలనుకుంటే ఆ బస్సు కోసం చెయ్యండి" అంది. నాకు ఆ అమ్మాయి మీద జాలి కలిగిన మాట వాస్తవం.

జగదీశ్వరరావు గారు కళ్లు చెమర్చి, "సూసినారా ఇనయం. కనిపెట్టినోలు ఎప్పుడూ ఇలాగే, మాదేం నేదండి అంతారు" అని శాలువా తెప్పించి కప్పించారు. ఆ శాలువా అంతకుముందు నాకు రెండుసార్లు కప్పినదే, అయినా ఆమెకూ నప్పింది. "బస్సేటమ్మా, బస్సు? సిన్న కోరిక. కాంతి బండి వత్తాంటే బస్సు కోసం దీచ్చలు సేత్తే లోకం నవ్వదా?" అని బుజ్జగించారు. లోకం నవ్వకూడదన్న విషయంలో మేమంతా చాలా జాగ్రత్తగా ఉంటాం. ఫోటోలో ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు.

తరువాత కొద్ది రోజులకే బండి ఉన్నదనడానికి తొలి ఆధారం దొరికింది. మొగలిపుట్టుగ బస్సు రద్దయింది. మెరుగైన రవాణా సౌకర్యం ఆ గ్రామానికి మంజూరైనట్టు తెలియవచ్చినందున పాత సౌకర్యాన్ని ఉపసంహరించుకోవడమైనదని సంబంధిత అధికారులు నోటీసు అంటించారు. ఇంక అనుమానం ఏముంది? బండి రాకుండానే బస్సు ఎత్తేస్తారా? సమితి తరఫున కాశీబుగ్గ మూడు రోడ్ల కూడలిలో మిఠాయిలు పంచాం. మొగలిపుట్టుగకు కూడా ఒక పొట్లం పంపాలనుకున్నాం గానీ, అటు వెళ్లే బస్సు లేదు.

సన్యాసయ్య షేర్ ఆటోలో రావడం మొదలుపెట్టాడు. ఆటో నిండితే గాని కదలదు. మొగలిపుట్టుగలో ఆటో నిండాలంటే ఎవరింట్లోనైనా పెళ్లి కావాలి. అందుచేత ఆయన వచ్చేసరికి ఉదయం షిఫ్టు మంచాలు అయిపోయేవి. మధ్యాహ్నం దాకా బయట సిమెంటు బల్ల మీద, కాళ్లు ఉబ్బి, తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని పడుకునేవాడు. పక్కన ఆయన భార్య పోలమ్మ విసనకర్రతో విసురుతూ కూర్చునేది. జీడిపప్పు లోడు పంపడానికి అటు వెళ్లినప్పుడు నేను ఆగి పలకరించేవాణ్ణి. ప్రజలతో సంబంధం తెంచుకోకూడదు.

"ఏటి బాబూ, మా అమ్మి రాసిన బండి ఎంతదాకా వచ్చింది?" అని ఆయనే అడిగాడు ఒకసారి. మనిషి నీరసంగా ఉన్నా మాటకు మాత్రం నీరసం లేదు.

పై స్థాయిలో పరిశీలనలో ఉందని చెప్పాను.

"బయల్దేరకముందే వచ్చీసే బండి కదా అది. ఇంకా రానేదంటే ఏటి దానర్దం? ఇంక బయల్దేరదనే కదా?"

పోలమ్మ విసరడం ఆపి, "ఊరుకో మావా, పెద్దోలతో ఏటా ఎగతాలి" అంది. నాకు మాత్రం అందులో ఎగతాళి కనపడలేదు. ఆయన సందేహాన్ని సమితి దృష్టికి తీసుకెళతానని హామీ ఇచ్చాను.

తీసుకెళ్లాను కూడా. అక్కడే అసలు చిక్కు బయటపడింది. బండి బయల్దేరేటప్పుడు మొగలిపుట్టుగలో జగదీశ్వరరావు గారు జెండా ఊపాలి. చేరాక టెక్కలిలో ఢిల్లీబాబు గారు దండ వేయాలి. కానీ బండి బయల్దేరకముందే చేరుతుంది. అంటే వీరు జెండా ఊపకముందే వారు దండ వేసేస్తారు, పేపర్లో వారి ఫోటో ముందు పడుతుంది. జగదీశ్వరరావు గారి ముఖం ఎర్రబడింది. "నాను జెండా ఊపకుండా ఆడు దండెలగ ఏత్తాడు? అలగైతే బండీ వద్దు గిండీ వద్దు, ఆపీండి" అన్నారు. ఢిల్లీబాబు గారి మనుషులు వచ్చి, శాస్త్రం ఎటు పోతే తామూ అటేనని, దండ ముందే వేయాలని శాస్త్రం చెబితే తాము చేయగలిగిందేమీ లేదని అన్నారు. శాస్త్రం మీద అంత గౌరవం మా జిల్లాలో నేను ఎప్పుడూ చూడలేదు. రెండు వర్గాలూ కుర్చీలు ఎత్తుకున్నాయి. ఆ కుర్చీలు అద్దెకు తెచ్చినవి కావడంతో మళ్లీ దించాయి.

చివరికి నేనే రాజీ కుదిర్చాను. జెండా ఊపిన తరువాతే దండ పడేటట్టు బండి వేగం తగ్గించాలి. దీనికి ప్రోటోకాల్ వేగం అని నామకరణం చేశాం. అంతటితో కాంతి వేగం పోయింది. తరువాత హాల్టులు కలిపాం. ప్రతి హాల్టులో బొట్టు, కొబ్బరికాయ, దండ, అధ్యక్షోపన్యాసం, వందన సమర్పణ కలిపాం. నౌపడవాళ్లు తమ ఊళ్లో టీ తాగకుండా ఎవరూ పోకూడదన్నారు, అదీ కలిపాం. మొత్తం లెక్క కట్టించడానికి అవినాష్‌ను మళ్లీ పిలిపించాం. అతను కాగితం మీద గీసి, తల గోక్కుని, ఈ లెక్కన బండి పొద్దున్న బయల్దేరితే సాయంత్రానికి పలాస చేరుతుందని, మొన్న రద్దయిన బస్సు ఇంతకన్నా ముందు చేరేదని చెప్పాడు. సభలో ఎవరూ నిరుత్సాహపడలేదు. వేగమొక్కటే ప్రగతికి కొలత కాదని జగదీశ్వరరావు గారు అప్పటికప్పుడు అద్భుతంగా ప్రసంగించారు.

పూండి హాల్టుకు శంకుస్థాపన శుక్రవారం పెట్టాం. ముహూర్తం బాగుంది. శంకుస్థాపన అంటే జనం కావాలి, జనం రావాలంటే బస్సులు కావాలి. బస్సులు దొరికాయి. కావాలంటే ఎందుకు దొరకవు? చాలా నెలల తరువాత ఆ శుక్రవారం పొద్దున్న మొగలిపుట్టుగకు బస్సు వెళ్లింది. వేళకు వెళ్లింది. ఊరి మధ్య దాకా వెళ్లి హారన్ కొట్టింది. పిల్లలు వెంట పరుగెత్తారట. ప్రవల్లిక ట్యూషన్ పిల్లల్ని వదిలేసి, తండ్రికి చొక్కా తొడిగి, తల్లిని తోడిచ్చి ఎక్కించింది. దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టింది కదా పాపం, ఫలించాయనుకుంది. సన్యాసయ్యకు కిటికీ పక్క సీటు దొరికింది.

బస్సు పూండి దాకా చక్కగా వచ్చింది. అక్కడ పలాస రోడ్డు ఎక్కకుండా సభా స్థలంలోకి తిరిగింది. వెనక మరో పది బండ్లు వచ్చి ఆగడంతో అటూ ఇటూ కదలడానికి లేకుండా పోయింది. పోలమ్మ దిగి, డ్రైవరునూ కార్యకర్తలనూ బతిమాలుకుంది. వాళ్లు తెచ్చి నా ముందు నిలబెట్టారు. నేను విషయం జగదీశ్వరరావు గారి చెవిన వేశాను. ఆయన హృదయం ఉన్న మనిషి. "డయాలసీసు పేసెంటా? అలగైతే ఎనకాల ఎందుకు కూకోబెట్టినారు? ముందుకి తెండి" అన్నారు. సన్యాసయ్యను వేదిక ముందు, తొలి లబ్ధిదారు అని రాసిన కుర్చీలో కూర్చోబెట్టాం. ఎండ పడుతుంటే గొడుగు కూడా పట్టించాం.

జగదీశ్వరరావు గారి ప్రసంగం చిరస్మరణీయం. "ఈ సన్యాసయ్యని సూడండి. రేపు మన బండి వత్తే, ఇలగ ఇంట్లో సొక్కా తొడుక్కుంటాడో నేదో, అలగ డయాలసీసు అయిపోతాది" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. మైకు సన్యాసయ్య నోటి దగ్గర పెట్టారు.

"బాబూ, బస్సు బాగుంది. ఇటు తిప్పిన బస్సుని అటు పలాసకి తిప్పుంటే ఈపాటికి నాను మంచం మీదుందును" అన్నాడు ఆయన.

దీనికి కూడా చప్పట్లు మోగాయి. మా సభల్లో ఎవరేమన్నా వాక్యం చివర చప్పట్లు కొట్టాలని ముందే చెప్పి ఉంచుతాం. తరువాత ఢిల్లీబాబు గారు మాట్లాడారు, ఇచ్ఛాపురం బృందం రెండు భాషల్లో మాట్లాడింది, నేను బండి మీద రాసిన పద్యాలు చదివాను. పద్యాల మధ్యలో పోలమ్మ లేచి నిలబడి ఏదో అనబోయింది. చుట్టుపక్కలవాళ్లు మర్యాదగా కూర్చోబెట్టారు. సభ ముగిసేసరికి మధ్యాహ్నం షిఫ్టు కూడా నిండిపోయే వేళైంది. అయినా బస్సును నేరుగా పలాస పంపేవాళ్లమే. కానీ ఎక్కించుకున్న చోటనే జనాన్ని తిరిగి దించాలన్నది ముందే చేసుకున్న ఏర్పాటు. మాట తప్పలేదు. సన్యాసయ్యను భద్రంగా మొగలిపుట్టుగలోనే దించాం.

మర్నాటికి ఆయనకు ఊపిరి ఆడలేదు. ఆటో నిండే దాకా ఆగే స్థితి కాదు. చేపలకు ఐసు తెచ్చిన వ్యాన్ ఒకటి తీరం నుంచి తిరిగి వెళుతుంటే, ప్రవల్లిక రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపి, తడి గోనెల మీద తండ్రిని పడుకోబెట్టి పలాస తెచ్చింది. బతికాడు. భగవంతుడు ఉన్నాడు. డాక్టరు మాత్రం, ఇంకోసారి ఇలా ఆలస్యమైతే తన చేతుల్లో లేదని, ఆ దారిని నమ్ముకోవద్దని, ఆస్పత్రికి దగ్గర్లో ఉండమని చెప్పాడు. వాళ్లు మొగలిపుట్టుగలో ఇంటికి తాళం వేసి, కొబ్బరితోట చుట్టాలకు అప్పగించి, కాశీబుగ్గలో నా గోదాము వెనక ఒక గదిలో చేరారు. కిటికీ తీస్తే జీడిగింజలు కాల్చే పొగ వస్తుంది కాబట్టి తీయరు.

ఇది మా సమితి సాధించిన తొలి ఫలితమని గర్వంగా చెప్పగలను. ఒకప్పుడు సగం రోజు ప్రయాణం చేసిన మనిషి ఇప్పుడు నాలుగడుగులు వేస్తే డయాలసిస్ మంచం మీద ఉంటాడు. బండి ఇంకా బయల్దేరలేదు. ఆయన మాత్రం చేరిపోయాడు. కాంతి బండి తొలి ప్రయాణికుడిగా ఆయనను గుర్తిస్తూ తీర్మానం చేసి, గదికి వెళ్లి అదే శాలువా కప్పాం. ఆయన శాలువా అంచు వేళ్లతో నలుపుతూ, "కాయలు దింపే రోజులు బాబూ ఇవి. ఎవుడు దింపుతున్నాడో ఏటో" అన్నాడు. అది సందర్భానికి సంబంధించిన మాట కానందువల్ల మేము రికార్డు చేయలేదు.

ఈ ఏటి సంచికకు ప్రవల్లిక మళ్లీ ఒక కథ పంపింది. ఈసారి మొదటి వాక్యమే కాక అంతా చదివాను. మొగలిపుట్టుగకు రోజూ పొద్దున్న బస్సు వస్తుంది. వేళకు వస్తుంది. ఒక ముసలాయన ఎక్కుతాడు. పలాసలో దిగి, డయాలసిస్ చేయించుకుని, మధ్యాహ్నం అదే బస్సులో తిరిగొచ్చి, కొబ్బరిచెట్ల కింద మంచం వాల్చుకుని, ఏ చెట్టు కాయ ముదిరిందో పైకి చూస్తూ పడుకుంటాడు. అంతే కథ. మలుపు లేదు, మెరుపు లేదు.

మా సంపాదకవర్గంలో జగదీశ్వరరావు గారు కూడా ఉన్నారు. నేను చదువుతుంటే విని, "ఇదేటి మావా, రోజూ బస్సు రావడమేటి, అదీ టైముకి? రాసేటప్పుడు కల్పనకైనా ఒక అంతుండాల" అన్నారు. నాకూ అదే అనిపించింది. పాఠకుడు నమ్మని కథ వేసి సంచిక పరువు తీయలేం. తిప్పి పంపాలని నిర్ణయించాం.

మీరు కూడా నాతో ఏకీభవిస్తారని నాకు తెలుసు. ఇంతసేపూ కాంతి బండి గురించి చెప్పుకొచ్చాను, మీరు ఒక్కచోట కూడా ఆపి ఇదెలా సాధ్యమని అడగలేదు. వేళకు వచ్చే బస్సు అనేసరికి మీ పెదవుల మీద నవ్వు వచ్చింది. మీరు మా ప్రాంతం ఎరిగిన పాఠకులు.

కథ కాగితాలు పట్టుకుని నేనే గదికి వెళ్లాను. ప్రవల్లిక ట్యూషన్లకు వెళ్లిందట. సన్యాసయ్య మంచం మీద ఉన్నాడు. కథ బాగానే ఉంది గానీ జనం నమ్మరని, నమ్మేటట్టు ఇంకేదైనా రాయమని మీ అమ్మాయికి చెప్పమని నచ్చజెప్పాను.

ఆయన చేయి చాపాడు.

"సరే బాబూ, అచ్చెయ్యకండి. కాయితాలు మాత్రం ఇటిచ్చీండి. మా అమ్మి రోజూ సదివి ఇనిపిత్తాది. అందులో నాను మజ్జేనానికి ఇంటికెల్పోతాను."

ఇచ్చేశాను. మంచి మనిషే, కాదనను. కథల్లో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో తెలియదు పాపం, అంతే.